కొత్త తాడు కొలత

ఆ గొలుసు దించబాకండి సారూ! జీపులోనే ఉండనీయండి. ఏమంత తొందర? నెల్లూరు నుంచి ఈ ఎండలో పడి వచ్చినారు, మొగం చూడండి ఎట్టా వాడిపోయిందో. ముందు ఈ మజ్జిగ తాగండి. ఇనప గొలుసు యాడికి పోతాది?

బంట్రోతు నాయనకు కూడా ఒక లోటా ఉంది. వద్దంటా? సరే, ఆయన ఇష్టం. ఉద్యోగమంటే ఆ మాత్రం భయముండాల.

నేనెవరా? బాగా అడిగినారు. మీ చేతిలో ఆ కాయితాల కట్ట ఉంది చూడండి, అందులో మూడు అర్జీల మీద నా ఏలిముద్ర ఉంది. ఒకదాని మీద రెండుసార్లు ఉంది. అర్జీలు రాసే పద్మనాభయ్య పంతులు తొందర్లో నా బొటనేలు మళ్ళా పట్టుకున్నాడు. పెద్దమనిషి గదా, ఎందుకు కాదనాలని నేనూ మళ్ళా ఒత్తినా.

నా పేరు మాలకొండమ్మ. అదుగో, ఆ చివర రాట్నం కాడ నడుముకు నార చుట్టుకుంటా ఉండాడే, ఆయన మునెయ్య, నా మొగుడు. రాట్నం తిప్పేది నా ఆడబిడ్డ గురవమ్మ. మేం తాళ్ళు పేనేవాళ్ళం సారూ. ఈ గవ్వలదిన్నెలో ఏ పడవకు లంగరు తాడు కావాలన్నా, ఏ వలకు మోకు కావాలన్నా మా కాడికే రావాల. జువ్వలదిన్నె నుంచి కూడా వస్తారు. ఎనిమిది పడవలుండే హజరత్తయ్య అయితే, మునెయ్య చేతి తాడు తప్ప ఇంకోటి పడవెక్కనీయడు.

మీ పక్కన ఉండేదే మా తాళ్ళ బాట. ఇటు రోడ్డు, అటు రైసుమిల్లు కళ్ళం, మధ్యలో ఆరడుగుల వెడల్పు, నూట ఎనభై అంగల పొడుగు. మా మామ కాలం నుంచి మేమే వాడుకుంటా ఉండాం. పట్టా లేదు, గిట్టా లేదు. తాడు పేనాలంటే నేల తిన్నగా ఉండాల, పొడుగ్గా ఉండాల, మిట్టాపల్లం ఉండకూడదు. గురవమ్మ ఆడ రాట్నం తిప్పతా ఉంటే, ఆయన నార ఒదులుకుంటా ఎనక్కి నడిచొస్తాడు. ముందుకు నడిస్తే తాడు రాదు. ఊళ్ళో అందరూ ముందుకు నడిచి కూడు సంపాదిస్తే, మేం ఎనక్కి నడిచి సంపాదిస్తాం. దానికి నవ్వుతారు కొందరు. నవ్వనీయండి.

ఇప్పుడు ఈ బాట మీద సైకిళ్ళు పోవాలంట! పంచాయతీ తీర్మానమంట! మీరు ఆ గొలుసు దించి కొలిస్తే మా బాట పోతాది. అందుకే దించొద్దంటా ఉండా. దాచిపెట్టేది ఏముంది ఇందులో?

అది కాదు సారూ, మీరు చదువుకున్నోళ్ళు, మీరే చెప్పండి. ఈ ఊళ్ళో ఉండేది ముప్పై నాలుగు సైకిళ్ళు. అందులో రెండింటికి చక్రాలు లేవు. ఒకటి హెడ్మాస్టరు గారిది, ఆయన దాన్ని తోసుకోని పోతాడేగాని ఎక్కింది ఎవురూ చూడలేదు. మిగతావన్నీ చేపలోళ్ళవి. తెల్లారేసరికి రేవులో చేపలు గంపకెత్తి, సైకిలు ఎనక కట్టుకోని, రైలు పోతాదని తొక్కతారు చూడండీ! బ్రేకులుండవు. గంట ఉండదు. నోటితోనే "తప్పుకోండో తప్పుకోండి" అని. వాళ్ళకొక దారా? వాళ్ళకు కావాల్సింది దారి కాదు సారూ, బ్రేకులు.

ఆఁ, మొదలు పెట్టింది ఎవురంటే పెసిడెంటు చెంచురామయ్య గారే. ఈ మిల్లు ఆయనదే. ఒకనాడు చేపల సైకిలొకటి వచ్చి ఆయన వడ్ల బండిని గుద్దింది. గుద్దితే గుద్దింది, గంపలో సొరచేప ఎగిరిపొయ్యి వడ్లబస్తా మీద పడింది. ఆయన చేపలు తినని మనిషేం కాదు. సొర పుట్టు కూరంటే లొట్టలేస్తాడు. కానీ కంచంలో పడటం వేరు, బస్తా మీద పడటం వేరు గదా? ఆ బస్తా ఉడకబెట్టి, ఆరబెట్టి, ఆడించినా నీచు కంపు పోలేదంట. దాన్ని ఎవురికి అమ్మినాడో నాకు తెలవదు. మా ఇంట్లో మాత్రం ఆ నెలంతా అన్నంలోకి కూర అవసరం లేకపోయింది.

ఆయనకు మద్రాసులో ఒక వియ్యంకుడు. ఆయన చెప్పినాడంట, ఏదో దేశంలో సైకిళ్ళకు వేరే దారుంటాదని, ఆడ రాణిగారు కూడా సైకిలే తొక్కతాదని. అంతే! వారం తిరక్కుండా తీర్మానం. "మనది పల్లె కాదు, టౌను. టౌనంటే సైకిలు దారి ఉండాల. పంచవర్ష ప్రణాళికలో డబ్బుంది" అని మైకులో చెప్పినాడు. ఊరంతా చప్పట్లు కొట్టినారు. నేను కూడా కొట్టినా సారూ, అబద్ధమెందుకు? మా బాట మీదే ఏస్తారని అప్పటికి తెలవదు గదా.

తెలిసింది మర్నాడు సభలో. అభ్యంతరాలుంటే చెప్పుకోమన్నారు. అమ్మో, ఆ సభ! మీరుండాల్సింది.

మేం లేచి మా బాట సంగతి చెప్పేలోపల ఇంకొకాయన లేచినాడు. "పీనుగ ఏ దారిన పోవాల?" అన్నాడు. లేవబోయినోళ్ళు కూడా కూర్చున్నారు. నిజమే గదా! శ్మశానానికి పోయేది ఈ రోడ్డే. మధ్యలో పోతే బండ్లు ఆపాల, పక్కన పోతే సైకిళ్ళు ఆపాల. సైకిలు దారిలో పీనుగ పోతే, మర్నాడు ఆ దారిన చేపలు తెస్తే తినొచ్చా, తినకూడదా? రెండు గంటలు సారూ! రెండు గంటలు దాని మీదే! ఆఖరికి "ఎవురన్నా పోయినప్పుడు చూసుకుందాం" అని తీర్మానం రాసినారు. మొట్టమొదట ఎవురు పోతారా అని అందరూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. నాలుగు నెల్లుగా మంచాన ఉండే షావుకారు ముసలాయన ఆ మాట చెవినపడి ఆ రాత్రే లేచి కూర్చున్నాడంట. ఇప్పుడు కర్ర పట్టుకోని తిరగతా ఉండాడు. సైకిలు దారి వల్ల ఊరికి జరిగిన మేలు అదొక్కటే.

సైకిలోళ్ళా? వాళ్ళకూ వద్దంట! "మేమేమన్నా గొడ్లమా, వేరేగా తోలడానికి?" అన్నారు. అసలు సంగతది కాదు. ఎదురుగాలి ఉంటే లారీ ఎనక కొక్కెం పట్టుకోని, తొక్కకుండానే అల్లూరు దాకా పోతారు వాళ్ళు. వేరే దారేస్తే లారీ దూరమైపోతాది గదా! వాళ్ళు ఊరేగింపు కూడా చేసినారు. నడిచి చేసినారు. సైకిళ్ళు యాడరా అంటే, గొడవల్లో టైర్లు కోస్తారేమోనని ఇంట్లో పెట్టొచ్చినాం అన్నారు.

జట్కా ఆయన వద్దన్నాడు. ఆయన గుర్రానికి సైకిలు ముందర పోతా ఉంటేనే నడక వస్తాదంట. పెద్దోళ్ళు వద్దన్నారు. ఈరోజు సైకిళ్ళకు దారేస్తే రేపు ఆడోళ్ళు ఎక్కతారంట. దారి కావాలన్నది ఒక్క హెడ్మాస్టరే, తోసుకోని పోను బాగుంటాదని.

మా మాట ఎవురన్నా ఇన్నారా? ఇన్నారు. ఆఖర్న, అందరూ పంచెలు దులుపుకోని లేచేటప్పుడు ఇన్నారు. "మీకు ఉప్పుకయ్యల పక్కన అంతే పొడుగు నేల ఇస్తాంలే మాలకొండమ్మా" అన్నాడు పెసిడెంటు. ఆయనకి మా బాటంటే ఎప్పుడూ ఖాళీ నేలే. వడ్లు ఎక్కువైతే మమ్మల్ని అడక్కుండానే ఆరబోస్తాడు. ఇంటికొచ్చి నేను ఏడ్చినా సారూ. మా ఆయన ఏడవలేదు. కూడు ముందర పెట్టుకోని, కెలక్కుండా, అట్టానే కూర్చున్నాడు. దానికంటే ఏడిస్తే బాగుండును.

ఆ తర్వాతే ఓవర్సీరు వచ్చింది. యెహోషువ అని, పిల్లోడు, బాపట్ల కాడినుంచి కొత్తగా ఉద్యోగానికొచ్చినాడు. మంచోడు. రోడ్డు నడిమధ్య నుంచి ఇటుపక్కకు నలభై అడుగులు కొలవాల, ఆడ సున్నంతో గీత గీయాల, గీతకు ఇవతల ఆరడుగులు సైకిలు దారి. అదీ ప్లాను. అంటే సరిగ్గా మా బాట. ఎటూ ఒక్క జానెడు తేడా లేకుండా, కొలిచి కుట్టించినట్టు మా బాటే!

కొలిచినాడు. గీత గీసినాడు. గీత యాడ పడిందంటారు? మిల్లు కళ్ళంలో పడింది! పెసిడెంటు గారు మొన్ననే సిమెంటు పోయించిన కళ్ళం. ఉడికిన వడ్లు ఆరబోసి ఉంటే, వడ్ల మీదగానే తెల్లగా గీసుకుంటా పోయినాడు ఆ పిల్లోడు, తల పైకెత్తకుండా. మా బాట మాకు మిగిలింది. అంతా ఎంగటేశ్వరస్వామి దయ అనుకున్నా. దేవుడు కూడా అప్పుడప్పుడూ కొలతలు చూస్తాడు గదా సారూ?

నవ్వబాకండి. ఇంకొంచెం మజ్జిగ పొయ్యనా? ఉప్పు సరిపోయిందా?

ఇంగ పెసిడెంటు గారిని చూడాల! "ఇదేందిరా యెహోషువా?" అంటే, "ప్లాను సార్, మీరే సంతకం పెట్టినారు, నకలు నెల్లూరు పోయింది" అన్నాడు ఆ పిల్లోడు. వడ్ల మధ్యలో ఆ సున్నం గీత మీదే కూలబడినాడు పెసిడెంటు. లేచేసరికి ఎగస్పార్టీలో లేచినాడు!

నేను చెప్పేది నమ్ముతా ఉండారా లేదా? తీర్మానం పెట్టినాయనే దానికి వ్యతిరేకంగా ఊరేగింపు తీసినాడు. ముందర ఆయన, ఎనకాల హజరత్తయ్యతో సహా పడవలోళ్ళు, ఆ ఎనక మేము. మొన్న తీర్మానం నాడు "సైకిలు దారి కావాల, కావాల" అని అరిచినాయన్నే మళ్ళా పిలిపించినారు, గొంతు బాగుంటాదని. ఆయన వద్దు వద్దని అరస్తా అరస్తా, సందు మలుపులో అలవాటు కొద్దీ "కావాల, కావాల" అన్నాడు. మేమూ అన్నాం. నాలుగిళ్ళు దాటినాక గానీ తెలవలేదు.

పంచాయతీ ఆఫీసు కాడికి పొయ్యినాక అర్జీ ఎవురికియ్యాల? పెసిడెంటుకే ఇయ్యాల. ఆయనేమో మాతోనే ఎండలో నిలబడుకోని ఉండాడు. అప్పుడేం చేసినాడంటే, "ఉండండి" అని లోపలికి పొయ్యి, చొక్కా గుండీలు పెట్టుకోని, కుర్చీలో కూర్చోని, "ఊఁ, రమ్మనండి" అన్నాడు. మేం లోపలికి పొయ్యి అర్జీ ఇచ్చినాం. మొదటినుంచీ చివరిదాకా చదివినాడు, కళ్ళద్దాలు పెట్టుకోని. రాయించింది ఆయనే సారూ! చదివి, "మీ బాధ అర్థమైంది, పరిశీలిస్తా" అన్నాడు. మేం దండం పెట్టి బయటికొచ్చినాం. ఎనకాలే ఆయనా వచ్చి, "ఏమన్నాడు?" అని అడిగినాడు.

నా తల్లితోడు. అడిగినాడు.

ఆ తర్వాత నిరాహార దీక్ష. పొద్దన ఇడ్లీలు తినొచ్చి కూర్చున్నాడు, మధ్యాన్నం అన్నానికి లేచినాడు. మా ఆయన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "మునెయ్యా, నీ బాట, నా కళ్ళం, రెండూ ఒకటేరా, కలిసి చద్దాం" అని భుజం మీద చెయ్యేసినాడు. మా ఆయన ఇంటికొచ్చి ఆ మాటే పదిసార్లు చెప్పినాడు. ముప్పై ఏళ్ళుగా పక్కపక్కనే ఉండారు ఇద్దరూ, పెసిడెంటు గారు ఆయన్ని పేరు పెట్టి పిలిచింది అదే మొదలు. ఆ రాత్రి మా ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఇప్పుడు చూస్తే మీరు జీపులో ఇనప గొలుసేసుకోని దిగినారు. ఏంది సారూ అంటే, "కొలత తప్పింది, మళ్ళా కొలిపించండి" అని పెసిడెంటే దొంగతనంగా అర్జీ పెట్టినాడంటిరి! దీక్షలో మా పక్కన కూర్చోనే పెట్టినాడా? తేదీ చూడండి. చూసినారా? ఆరోజే! ఇడ్లీలకు ముందా తర్వాతా అనేది ఒక్కటే తెలవాల.

కళ్ళం బతికితే ఆయన మళ్ళా "కావాల కావాల" అంటాడు. ఇంగ మా ఎనక ఎవురుంటారు? పడవలోళ్ళు రెండు దినాలు అరస్తారు, మూడోనాడు వేటకు పోతారు.

ఆఁ, ఉప్పుకయ్యలు. మీరూ అదే అంటారనుకున్నా. అంతే పొడుగుంది, అంతే వెడల్పుంది, నేల కూడా తిన్నగా ఉంది, నిజమే. కానీ ఆడ కుదరదు సారూ.

ఎందుకంటే... పీతలు. పీతలున్నాయి ఆడ. తాడు పరిచినామంటే కొరికేస్తాయి. కొబ్బరినార పీతలు తినవా? ఏమో, ఆడి పీతలు తింటాయంట. ఇంకోటి, ఉప్పు గాలి. ఉప్పు గాలికి నార చెడిపోతాది. నార నానబెట్టేదే ఉప్పునీళ్ళల్లో గదా అంటారా? మీకు అన్నీ తెలుసే! నెల్లూరాఫీసులో ఇవి కూడా చెప్తారా?

సరే, అసలు సంగతి చెప్తా. ఆడ దెయ్యముంది. ఉప్పు శాఖలో పనిచేసిన జవాను ఒకాయన, తెల్లోళ్ళ కాలంలో పాము కరిచి పోయినాడు. ఇప్పటికీ మాపిటేల ఆ గట్ల మీద నిలబడి, వచ్చిపోయేవాళ్ళను పర్మిట్టు అడగతాడు. మా కాడ పర్మిట్టు లేదు గదా.

నవ్వండి, నవ్వండి. మీరు నవ్వితే బాగుండారు.

ఏందీ? ఏమన్నారు? యెహోషువను పనిలోనుంచి తీసేస్తారా? ఎందుకు? నలభై అడుగులు కొలవడం చేతకానోడు ఓవర్సీరెట్టా అవతాడని రాస్తారా?

రాయబాకండి సారూ! ఆ పిల్లోడి తప్పు కాదు అది. అయ్యో రామా! ఈ సంగతొకటి ఉంది గదా, నాకు తట్టనే లేదు చూడండి. మొన్ననే వాళ్ళమ్మ మగ్దలీనమ్మ వచ్చి, కొడుకు ఉద్యోగం చూసుకోని మురిసిపొయ్యి, మాకు కూడా చక్కిలాలు ఇచ్చి పోయింది.

ఉండండి, చెప్తా. పెన్ను మూతపెట్టండి ముందు.

ఆ రోజు పంచాయతీ గొలుసు లేదు. ఉండేదాన్ని బందెలదొడ్డిలో ఒక ఆంబోతును కట్టడానికి వాడినారు. ఆంబోతు గొలుసుతో సహా ఎల్లిపోయింది. ఇప్పటికీ వెంకటాచలం ఊరి కాడ ఎవురో చూసినామంటారు, మెడలో మోగతా ఉంటాదంట. ఆ పిల్లోడు నా కాడికొచ్చి, "అమ్మా, ఒక తాడు ఉంటే ఇస్తావా, పదేసి అడుగులకు ఒక ముడి ఏసుకుంటా, కొలిచి ఇచ్చేస్తా" అన్నాడు.

ఇచ్చినా.

తాడంటే ఏంది సారూ? రాట్నం మీంచి దిగిన తాడు ఇంకా తాడు కాదు. మూడు దినాలు నానబెట్టాల, రెండు గుంజల మధ్య బిగించి సాగదీయాల, బరువు కట్టాల, ఆరినాక మళ్ళా లాగాల. అప్పుడు ఇంగ సాగేది ఉండదు. కొలతకు అదే పనికొస్తాది. పచ్చి తాడైతే సాగతాది. పురి తక్కువేసిన పచ్చి తాడైతే, ఏడు మూరలది లాగితే ఎనిమిది మూరలవతాది. ఇది మాలో నడకొచ్చిన బిడ్డకు కూడా తెలుసు. ఆ పిల్లోడికి తెలవదు. ఇంజనీరు పుస్తకాల్లో తాడు గురించి రాయరేమో.

వాడు అడిగినాక అప్పటికప్పుడు నేనే పేనినా ఆ తాడు, పురి తగ్గించి, వాడికోసమే. ముడులేసేటప్పుడు ఒదులుగా పట్టుకున్నా. కొలిచేటప్పుడు చివర నేనే పట్టుకోని, "గట్టిగా లాగు నాయనా, ఒంగిందంటే కొలత తప్పుతాది" అని చెప్పినా. పాపం, బలంకొద్దీ లాగినాడు. చెమటలు కారిపోయినాయి వాడికి. నలభై అడుగులు నలభై ఆరైపోయినాయి. ఎంగటేశ్వరస్వామి కాదు సారూ, నేనే.

రాసుకోండి ఇప్పుడు. మాలకొండమ్మ, తండ్రి పేరు వెంకయ్య. జైలుకు పంపిస్తే పంపించండి. వాడి ఉద్యోగం జోలికి మాత్రం పోబాకండి.

ఇంత మోసం ఎందుకు చేసినావా? ఉప్పుకయ్యల కాడ అంత మంచి నేల ఇస్తామంటే... మళ్ళా అదే మాట! చెప్పినా గదా, పీతలు, దెయ్యం...

అయ్యో! ఆ గొలుసు ఎప్పుడు దించినాడు మీ బంట్రోతు? నేను మాటల్లో పడి చూసుకోలేదే! బాటకు అడ్డంగా పరిచేసినాడు! తీయమనండి సారూ. తీయమనండి, ఆయన వస్తా ఉండాడు.

చూసి దాటుకుంటాడా? ఎవురు?

అరవబాకండి! ఆగమని కేకేస్తే ఆ పక్క పడవలోళ్ళు ఇంటారు. ముందు తీయమనండి, తర్వాత చెప్తా. నీకు దండం పెడతా నాయనా, ఎత్తు. చప్పుడు చెయ్యబాక. రెండో చివర కూడా. ఆఁ, అట్టా. అట్టానే పట్టుకోని నిలబడు. మీరూ ఒకడుగు ఇటు రండి సారూ, ఆ బూటు తీయండి బాట మీద నుంచి. ఇంకొంచెం.

పోయినాడు.

చూసినారా? మీకు జానెడు దూరంలో పోయినాడు. నెల్లూరు ఆఫీసరొస్తే దండం పెట్టలేదని మనసులో పెట్టుకోబాకండి. నా గొంతు ఇన్నాడు, ఎవురితోనో మాట్లాడతా ఉందనుకుంటాడు. ఎవురితోనో ఆయనకు తెలవదు.

ఆయనకు చూపు లేదు సారూ.

నాలుగేళ్ళయింది. అంతకు ఏడాది ముందే ఎడమ కన్ను పోయింది, ఆ తర్వాత కుడిది. నరం ఎండిపోయింది, ఇంగ రాదన్నారు డాక్టర్లు. ఊళ్ళో ఎవురికీ తెలవదు. నాకు తెలుసు, గురవమ్మకు తెలుసు, ఇప్పుడు మీకు. ఎనక్కి నడిచేవాడికి కళ్ళున్నా ఒకటే లేకపోయినా ఒకటే గదా, ఎవురికి తెలస్తాది? ఊళ్ళోకి పోవాల్సొస్తే ఒక తాడు చుట్ట ఇద్దరం చెరో పక్క పట్టుకుంటాం, నేను ముందర, ఆయన ఎనకాల. అమ్మడానికి తీసకపోతా ఉండామనుకుంటారు. అదే చుట్ట నాలుగేళ్ళుగా మోస్తా ఉండాం. దీక్షలో కూడా అట్టానే తీసకపొయ్యి కూర్చోబెట్టొచ్చినా.

పడవలోళ్ళకు తెలిసిందనుకోండి, గుడ్డోడు పేనిన తాడుకు లంగరు కట్టతారా? హజరత్తయ్య ముట్టుకోడు. వాళ్ళనీ తప్పనేదానికి లేదు, ప్రాణాలు గదా. కానీ ఒట్టేసి చెప్తా సారూ, కళ్ళున్నప్పటి తాడు కంటే ఇప్పటి తాడే మంచిది. ఒక్క పోగు తేడా వచ్చినా ఆయన వేళ్ళకు దొరికిపోతాది. నాలుగేళ్ళల్లో ఒక్కటన్నా తెగిందేమో అడగండి. ఒక్కటీ తెగలేదు.

ఇంట్లో ఆయన గడప తట్టుకుంటాడు. చెంబు తన్నుకుంటాడు. సందులో అడుగేస్తే నా భుజం కావాల. నా మీద కసురుకుంటాడు, తర్వాత ఒక్కడే కూర్చోని ఏడస్తాడు. ఈ బాట మీదికొచ్చి నడుముకు నార చుట్టుకున్నాడంటే మాత్రం వేరే మనిషి. యాడ నేల చల్లగా ఉంటాదో, యాడ మిల్లు నీడ పడతాదో, యాడ తిరుక్కోవాల్నో, అన్నీ ఆయన పాదాలకు తెలుసు. పొద్దన్నే వచ్చి ఈ బాటంతా ఊడ్చి, ఒక్క గులకరాయి లేకుండా ఏరేది నేను. చేపల సైకిలు ఒక్కటి అడ్డమొస్తే చాలు, ఆ ఏరిందంతా ఎందుకు?

ఏంది సారూ? మీరెందుకు కళ్ళు తుడుచుకుంటారు, ఎండకా? ఆ గొలుసు మోయలేక మీ బంట్రోతు కూడా నా మొగమే చూస్తా ఉండాడు.

సరే, మీ ఉద్యోగం మీది. ఉప్పుకయ్యల కాడ కూడా నూట ఎనభై అంగలే, నేను కాదనను. కాకపోతే ఈ నూట ఎనభై అంగలు ఆయన కాళ్ళకు రావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది, అదీ కళ్ళుండేటప్పుడు. ఇప్పుడాయనకు అరవై దాటినాయి. ఇంకో ముప్పై ఏళ్ళు మీ సర్కారు మంజూరు చేస్తాదేమో పైన అడిగి రండి. చేస్తామంటే కొలుచుకోండి, గొలుసు చివర నేనే పట్టుకుంటా.